ఫ్లైవీలు బరువు, గేరుబాక్సు మౌనము

స్పోర్ట్స్ కారు గలవాడు క్లచ్చు అరిగిపోయి క్రొత్తదానిని కొనవలసి వచ్చినపుడు రెండు ఫలములను ఏకకాలమున ఆశించుచుండును: పాదము మోపినంతనే ఇంజను చివ్వున లేవవలయును, కూడలిలో ఆగినపుడు కారు చప్పుడు చేయరాదు. ఈ రెంటికిని నడుమ నున్న వైరము నేటిది కాదు. మొదటి కోరిక ఫ్లైవీలును తేలిక చేయుమనును, రెండవది దానిని బరువుగా నుంచుమనును. నూఱేండ్లకు పైగా ఇంజనీర్లు ఈ రెంటిని సమాధానపఱచుటకై పడిన పాట్లే క్లచ్చు చరిత్రలో ముఖ్యభాగము. ఆ చరిత్ర నెఱిగినవాడు అంగడిలో దొరకు పలు తరగతుల క్లచ్చులలో దేనిని ఏల కొనవలయునో తానే తేల్చుకొనగలడని నా దృఢవిశ్వాసము.

ఫ్లైవీలు మోటారు కారుకంటె ఎంతయో ప్రాచీనము. కుమ్మరి సారె అట్టిదే. కఱ్ఱతో ఆగి ఆగి త్రిప్పిన త్రిప్పులను తన బరువులో నిలువచేసికొని, పైనున్న మట్టిముద్దకు మాత్రము ఎడతెగని భ్రమణము నిచ్చును. 18వ శతాబ్ది చివర జేమ్సు వాట్టు ఆవిరియంత్రపు ముందువెనుకల కదలికను చక్రభ్రమణముగ మార్చినపుడు ఈ ధర్మమునే ఆశ్రయించెను. 1886లో కార్లు బెంజి పేటెంటు పొందిన మూడు చక్రముల బండికి వెనుకవైపున, నేలకు సమాంతరముగ, పెద్ద ఫ్లైవీలు ఒకటి ఉండెడిది. దానిని చేతితో త్రిప్పియే ఇంజనును నడుపనారంభింపవలసి యుండెడిది.

కారు ఇంజనుకు ఈ బరువుతో నేమి పని యనగా, ఇంజను శక్తి ప్రవాహమువలె రాదు; తాకిడులుగ వచ్చును. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోకు ఇంజనులో క్రాంకు ఒక చుట్టు తిరుగుసరికి రెండు సిలిండర్లలో పేలుడు జరుగును. నిమిషమునకు 800 చుట్ల చొప్పున ఇంజను ఊరక తిరుగుచున్నపుడు సెకనుకు సుమారు 27 తాకిడులు. ఆఱు సిలిండర్లయినచో 40. ప్రతి తాకిడికిని క్రాంకు రవంత ముందుకు దుమికి, మఱల రవంత వెనుకబడును. కంటికి కానరాని ఈ ఒడుదుడుకును అణచునది ఫ్లైవీలు బరువే. అణగక మిగిలినది క్లచ్చు ద్వారమున గేరుబాక్సులో ప్రవేశించును.

1891 నాటికి ఫ్రాన్సులో పన్హార్-లెవాసోరు సంస్థవారు ఇంజనును ముందుంచి, దాని వెనుక క్లచ్చును, ఆవల గేరుబాక్సును వరుసగా నమర్చు పద్ధతిని స్థిరపఱచిరి. లోకమంతయు దానినే అనుకరించెను. ఆ తరము కార్లలో క్లచ్చనగా తోలు తొడిగిన శంకువు. ఫ్లైవీలు నడుమ గరాటువలె తొలిచిన భాగములోనికి ఆ శంకువు స్ప్రింగు బలమున దిగి బిగిసికొనెడిది. తోలు ఎండెనా, పెడలు వదలినంతనే ఒక్కుమ్మడిగ పట్టుకొని బండి ఎగిరిపడును. నూనె ఎక్కువై తడిసెనా, పట్టు తప్పి జాఱిపోవును. ఎండిన తోలుకు ఆముదము పట్టించుటయు, జాఱు తోలుపై ఫుల్లర్స్ ఎర్తను మెత్తని మట్టిపొడి చల్లుటయు నాటి డ్రైవర్లకు నిత్యకృత్యములు. మన పాలమూరు, నల్లగొండ మెట్టచేల రైతులకు సుపరిచితమైన ఆముదము లేనిదే ఐరోపా ధనికుల కార్లు నెమ్మదిగ కదలజాలని కాల మొకటి యుండెననుట మనవారు తలచుకొనదగిన విషయమే. ఆ దినములలో నిశ్శబ్దమును గుఱించి యెవరును అడుగలేదు. బండి ఎగిరిపడకుండ బయలుదేరుటయే పదివేలు.

శంకువు స్థానమును ఆక్రమించుటకు రెండు యుక్తులు పోటీపడెను. ఇంగ్లండులో హెన్రీ హీల్-షా అను ఇంజనీరు అనేక లోహపు ప్లేట్లను నూనెలో ముంచి బిగించు క్లచ్చును నిర్మించెను. ఫ్రాన్సులో ద దియోన్-బూతోన్ సంస్థవారు ఒక్క ప్లేటును రెండు లోహతలముల నడుమ నొక్కి పట్టు విధానమును చేపట్టిరి. మొదటిది మృదువుగ పట్టెడిది కాని చలిదినములలో నూనె చిక్కబడి ప్లేట్లు ఒకదానినొకటి వదలకుండెడివి. రెండవదే తుదకు గెలిచెను. దాని గెలుపునకు తోడ్పడినది ప్లేటుపై నంటించు ఒరపిడి పదార్థము. గుఱ్ఱపుబండ్ల బ్రేకు దిమ్మెలతో 1897లో ఫెరోడో సంస్థను ఆరంభించిన హెర్బర్టు ఫ్రూడు, 1908 ప్రాంతమున ఆస్‌బెస్టాసు నారతో చేసిన లైనింగులను ప్రవేశపెట్టెను. వేడికి చెడక, చప్పుడు లేక, మెత్తగ పట్టు ఆ పదార్థము డ్రైవర్లకు వరమాయెను. దాని ధూళిని పీల్చిన కార్మికుల, మెకానిక్కుల ఊపిరితిత్తులకు మాత్రము మృత్యుశాపమాయెను. బ్రిటను దానిని సంపూర్ణముగ నిషేధించుటకు 1999 వఱకు కాలము పట్టినదన్న సంగతి తలచినపుడు నా మనస్సు క్షోభించును. పాత కార్ల యజమానులు తెలిసికొనవలసిన దేమనగా, ఆ కాలపు క్లచ్చును విప్పునపుడు లోపలి ధూళిని గాలికొట్టి ఊదరాదు.

ఇక అసలు చప్పుడు సంగతి. ఆఱు సిలిండర్ల పొడవైన క్రాంకులు వచ్చినపుడు అవి మెలితిరిగి మఱల సరియగుచు కంపించుటను, ఒక్కొకతఱి విఱుగుటను ఇంజనీర్లు గమనించిరి. 1910 ప్రాంతమున ఫ్రెడరికు లాంచెస్టరు ఈ కంపనమును మ్రింగివేయు డాంపరును కల్పించెను. కంపనమును బరువుతో నణచుటయే కాక, దానిని వేఱొక మెత్తని అవయవమునకు అప్పగించి వేడిగ మార్చి వెడలగొట్టవచ్చునను ఆలోచన అట్లు బలపడెను. 1930ల నాటికి అదియే క్లచ్చు ప్లేటులో ప్రవేశించెను: ప్లేటు అంచునకును, నడిమి హబ్బునకును మధ్య చుట్టుగ చిన్న స్ప్రింగులు నిలిపి, తాకిడి ముందుగ వానిని నొక్కి, పిదప షాఫ్టును చేరునట్లు చేసిరి. నేటికిని క్లచ్చు ప్లేటును చేతబట్టి చూచినచో నడుమ గవాక్షములవంటి సందులలో నాలుగో ఆఱో స్ప్రింగులు కానవచ్చును. నిశ్శబ్దము కోరువాడు మొట్టమొదట చూడవలసిన దదియే.

ఇంతలో గేరుబాక్సు తానే మాఱిపోయెను. 1928లో కాడిలాకు కారు సింక్రోమెషు గేరుబాక్సుతో వెలువడెను; పండ్లు కొఱకొఱలాడకుండ గేరు మార్చుట సామాన్యునకును సాధ్యమాయెను. అయితే ఈ సౌఖ్యమునకు ఒక మూల్యము కలదు. సింక్రోమెషు గేరుబాక్సులో జతలుజతలుగ గేర్లన్నియు ఎల్లపుడు ఒకదానిలో నొకటి ఇమిడియే యుండును. వానిలో పనిచేయు జత ఒక్కటే, తక్కినవి షాఫ్టుపై వదులుగ ఊరక తిరుగుచుండును. పండ్లకు పండ్లకు నడుమ నూనె నిలుచుటకై వెండ్రుకవాసి సందు వదలక తప్పదు. ఇంజను తాకిడులు అణగక లోనికి వచ్చినచో, ఆ వదులు గేర్లు ఆ సందులో అటునిటు కొట్టుకొని, డబ్బాలో గోలీలు వేసి ఆడించినట్లు గలగలలాడును. అందుచేత గేరుబాక్సు గలగల యనునది ఆదిమకాలపు దోషము కాదు. సౌకర్యము పెరిగిన కొలది మన చెవిని చేరిన ధ్వని.

దీనిని గుర్తించుట సులభము. కారు నిలిచియుండి, గేరు న్యూట్రలులో నుండి, పాదము క్లచ్చుపై లేనపుడు చప్పుడు వినవచ్చి, పెడలు నొక్కినంతనే మాయమైనచో, అది సాధారణముగ ఈ గలగలయే. గేరుబాక్సులోని ఇన్‌పుట్ షాఫ్టు నిలిచిపోవుటచే గేర్లు మౌనము వహించినవి. అందుకు విరుద్ధముగ, నొక్కినపుడే కీచుమని లేచి, వదలినపుడు అణగు ధ్వని రిలీజు బేరింగుది. ఈ భేదము నెఱుగక గలగలకు భయపడి గేరుబాక్సును నిష్కారణముగ విప్పించినవారు పెక్కుమంది.

తేలికపాటి ఫ్లైవీలుపై మోజు పందెపు కార్లనుండి వచ్చినది. చక్రపు జడత్వము వ్యాసార్ధముయొక్క వర్గమునుబట్టి యుండుటచే, అంచున తీసిన కిలో లోహము నడుమ తీసిన కిలోకంటె ఎన్నోరెట్లు ఫలమిచ్చును. మీదుమిక్కిలి ఆ లాభము మొదటి రెండు గేర్లలోనే అధికముగ తోచును. ఈ సూత్రముపై బ్రిటనులోను, అమెరికాలోను ఔత్సాహికులు ఫ్లైవీళ్లను లేతుపై నెక్కించి అంచు కోయించిరి. పోత ఇనుపవానిని మితిమీఱి కోసినపుడు అతివేగమున అవి బ్రద్దలై బెల్‌హౌసింగును చీల్చుకొని వచ్చిన ఘటనలు కలవు. అందుచేతనే పందెపు నిర్వాహకులు ఉక్కుకవచములను నిర్బంధము చేసిరి. బరువు తగ్గించుకొన్నవాడు మఱల గలగలను వినుట అనివార్యము. పందెములో హెల్మెటు లోపల నది యెవరికిని వినబడదు, బజారులో వినబడును.

ఈ సమస్యతో సుదీర్ఘముగ పెనుగులాడిన కారు పోర్షె 911. 1978 నుండి 1983 వఱకు వచ్చిన 911 ఎస్‌సీలో, తక్కువ వేగమున గేర్లు గలగలలాడకుండ క్లచ్చు ప్లేటు నడుమ స్ప్రింగులకు బదులు రబ్బరు నుంచిరి. రబ్బరు నిశ్శబ్దమే యొసగెను. కాని ఏండ్లు గడచి, వేడికి చివికి, తునుకలై ఊడి, క్లచ్చు వదలకుండ అడ్డుపడుచు వచ్చెను. ఆ కార్లకు పిమ్మట స్ప్రింగు హబ్బు గల ప్లేట్లనే వేయుట ఆచారమాయెను.

ఈ పెనుగులాటలో రెండవ అంకము మఱింత విచిత్రమైనది; దానిని గ్రహించుటకు ముందు రెండుచక్రముల ఫ్లైవీలు నెఱుగవలయును. జర్మనీలోని బ్యూల్ పట్టణమున 1965లో, డయాఫ్రము స్ప్రింగు క్లచ్చులను చేయుటకై వెలసిన ల్యూక్ సంస్థవారు 1985లో డ్యుయల్‌మాస్ ఫ్లైవీలును అంగడికి తెచ్చిరి. అది ఒక చక్రము కాదు, రెండు: ఒకటి క్రాంకునకు బిగియును, రెండవది క్లచ్చును మోయును, నడుమ గ్రీజులో మునిగిన వంపు స్ప్రింగులు. బరువులో కొంతభాగము గేరుబాక్సు వైపునకు మాఱుటచే, ఆ వ్యవస్థ మిక్కుటముగ ఊగు వేగము ఐడిలింగు వేగమునకు దిగువకు జారిపోవును. ఇంజను ఆరంభించునపుడును, ఆపునపుడును తప్ప ఆ వేగము తటస్థపడదు. క్లచ్చు ప్లేటులోని చిన్న స్ప్రింగులు కొద్ది డిగ్రీలు మాత్రమే మెలితిరుగగలవు. వీనికి అంతకు ఎన్నోరెట్ల ఆట కలదు. ఆ కారణముననే గేరుబాక్సులోనికి పోవు భ్రమణము ఇంచుమించు నునుపై పోవును. క్లచ్చు చరిత్రలో నిశ్శబ్దమునకై జరిగిన కృషిలో దీనికి సాటివచ్చునది లేదని నా నిశ్చయము.

964 అను సంకేతము గల 911లో తొలుత వేసిన రెండుచక్రముల ఫ్లైవీలులో నడుమ మఱల రబ్బరే యుండెను. అదియు కాలక్రమమున పాడగుచుండుటచే 1992 నడిమిలో ల్యూక్‌వారి ఉక్కు స్ప్రింగులదానిని స్వీకరించిరి. అదే తరుణమున, పందెపు వాసన గల కరెరా ఆర్‌ఎస్‌కు పోర్షెవారే తేలికైన ఏకచక్రపు ఫ్లైవీలును వేసిరి. ఆ కారులోనే సౌఖ్యము కోరువారికై చేసిన తరగతికి మాత్రము రెండుచక్రములదానినే ఉంచిరి. ఒకే కర్మాగారము, ఒకే ఇంజను, రెండు తీర్పులు! తమ సాధారణ కార్లకు ఆర్‌ఎస్ ఫ్లైవీలును బిగించుకొన్నవారు ఇంజను ఉత్సాహమునకు మురిసిరి. కూడలిలో గలగల విని కలవరపడిరి. వేగము తగ్గించుచు క్లచ్చు నొక్కినపుడు ఇంజను ఆగిపోవుటయు కొందఱికి అనుభవమాయెను, ఏలయన ఐడిలింగును నడుపు కంప్యూటరు బరువైన చక్రమును ఉద్దేశించి మలచబడినది.

ఈ చరిత్ర నెఱిగిన పిమ్మట నేడు కొనువానికి నేను చెప్పదలచినది స్పష్టము. మీ కారు రెండుచక్రముల ఫ్లైవీలుతో పుట్టినదై, మీకు నిశ్శబ్దమే ప్రధానమైనచో, ధర ఎక్కువైనను మఱల అట్టిదానినే వేయింపుడు. ఏకచక్రమేదియు దానికి సరితూగదు, అమ్మువాడు ఎంత ప్రమాణము చేసినను నమ్మవలదు. ఏకచక్రమునకే మొగ్గినవారు అతితేలికైన అల్యూమినియము వానిని పందెపువారికి వదలి, అసలు బరువునకు వీలైనంత దగ్గరగ నుండు ఉక్కుదానిని ఏరుకొనవలయును. ప్లేటు స్ప్రింగు హబ్బు గలదై, అందును ఐడిలింగునకై మెత్తని మొదటి దశ స్ప్రింగులు వేఱుగ నున్నదై యుండవలయును. లైనింగు ఆర్గానిక్ జాతిది కావలయును. దిమ్మెలు దిమ్మెలుగ సిరామికు అతికిన ప్లేటు పట్టు ఘనమే గాని, ఎత్తుపై నెమ్మదిగ బయలుదేరునపుడు కారంతయు వణకును. క్లచ్చు ప్లేటును నొక్కి పట్టు ప్రెషర్ ప్లేటు బలము మీ ఇంజను టార్కునకు తగినంత యుండిన చాలును. అంతకు మించినది ఎడమకాలికి శ్రమ తప్ప వేఱు ఫలము నీయదు.

గేరుబాక్సు దించుట ఖర్చుతో కూడిన పని గనుక రిలీజు బేరింగును, పైలటు బేరింగును అప్పుడే మార్పింపుడు; క్రాంకు వెనుకనున్న ఆయిలు సీలును కూడ చూడుమనుడు. తయారీదారు క్రొత్తవి వాడుమన్న చోట ఫ్లైవీలు బోల్టులను పాతవి తిరిగి వేయనీయకుడు. అవి ఒక్కమారు సాగి బిగియుటకు చేసినవి.