మాంట్‌గొమరీ బస్సుల బహిష్కారము: కోరికలును, తీర్పును

అమెరికా దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారు పౌరహక్కులకై సలిపిన పోరాటమును గూర్చి వ్రాయువారు సాధారణముగా 1955 డిసెంబరు 1వ తేదీ సాయంకాలముతో కథ నారంభింతురు. అలబామా రాష్ట్రమునకు రాజధానియైన మాంట్‌గొమరీ నగరమున, ఒక పెద్ద అంగడిలో కుట్టుపని చేయు రోజా పార్క్స్ అను 42 ఏండ్ల స్త్రీ, బస్సులో తాను కూర్చున్న చోటును ఒక తెల్లవానికి విడువ నిరాకరించి నిర్బంధింపబడెను. పనిచేసి అలసిన యొక సామాన్యస్త్రీ పట్టుదలనుండి మహోద్యమ మాకస్మికముగా ప్రభవించినది. ఇది జనశ్రుతి. వినుటకు ఇంపైనదే గాని చరిత్ర విద్యార్థి దీనితో తృప్తిచెందరాదు. ఆమె నల్లజాతి హక్కులకై దేశమంతట పనిచేయుచుండిన ఎన్.ఏ.ఏ.సి.పి. సంస్థలో 1943 నుండియు సభ్యురాలు, దాని నగరశాఖకు కార్యదర్శిని. ఆ 1943లోనే, వెనుక ద్వారమున ఎక్కనన్నందుకు ఆమెను బస్సునుండి దింపివేసిన డ్రైవరే ఇప్పుడు పోలీసులను పిలిచినవాడు. అంతకంటెను ముఖ్యమైన విషయము మరియొకటి కలదు. ఆమె నిర్బంధమును నిరసించుచు లేచిన ఉద్యమము, బస్సులలో ఇరుజాతులను వేరుచేయు వేర్పాటు చట్టమును రద్దుచేయుమని మొదట కోరనే లేదు. మితమైన ఆ కోరిక సంవత్సరము తిరుగునప్పటికి చట్టమునే కూల్చిన విధమును పరిశీలించుట ఈ వ్యాసమునకు విషయము.

ఆనాటి బస్సుపద్ధతిని కొంచెము వివరింపక తప్పదు. బస్సునందలి 36 స్థానములలో ముందరి 10 తెల్లవారికే ప్రత్యేకింపబడినవి, వెనుకభాగము నల్లవారిది, నడిమి వరుసలకు నియతమైన హద్దు లేదు, డ్రైవరు చూపినదే హద్దు. తెల్లవా రొక్కరును లేకున్నను ముందరి స్థానములు ఖాళీగా నుండవలసినదే, నల్లవారు వానిప్రక్క నిలువుకాళ్ల మీద ప్రయాణింపవలసినదే. నడిమి వరుసలో తెల్లవా డొకడు కూర్చుండవలసి వచ్చినచో ఆ వరుసలోని నల్లవారందరును లేవవలెను, ఏలయన ఒకే వరుసలో ఇరుజాతులవారును కూర్చుండరాదు. రోజా పార్క్స్ కూర్చున్నది ఈ నడిమి వరుసలోనే గాని తెల్లవారికి ప్రత్యేకించిన చోట కాదు. పెక్కుమారులు నల్లవారు ముందు ద్వారమున చార్జీ చెల్లించి, దిగి, వెనుక ద్వారమున మరల ఎక్కవలసియుండెడిది. వారు చుట్టి వచ్చునంతలో బస్సు కదలిపోవుటయు కలదు. ఇట్టి అవమానమునకు లోనగుచున్నవారే ప్రయాణికులలో నాలుగింట మూడువంతులు. కంపెనీ యాయువుపట్టు వారి చేతిలోనే యుండెను.

ఈ సంగతిని మొదట స్పష్టముగా గ్రహించినవారు చర్చి బోధకులు కారు, ఉపాధ్యాయినులు. మేరీ ఫెయిర్ బర్క్స్ 1946లో స్థాపించిన మహిళా రాజకీయ మండలికి, అలబామా స్టేట్ కాలేజీలో ఆంగ్లసాహిత్యము బోధించుచుండిన జో ఆన్ రాబిన్సన్ అధ్యక్షురాలు. పాఠశాలలలో వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన నాలుగు దినములకు, 1954 మే 21న, ఆమె మేయరు గేల్‌కు ఒక లేఖ వ్రాసి, బస్సులలో స్థితి మెరుగుపడనిచో బహిష్కారము తప్పదని మర్యాదగా హెచ్చరించినది. 1955 మార్చిలో క్లాడెట్ కాల్విన్ అను 15 ఏండ్ల బాలిక, అక్టోబరులో మేరీ లూయీ స్మిత్ అను 18 ఏండ్ల యువతి, లేవ నిరాకరించి నిర్బంధింపబడిరి. కనుక డిసెంబరు 1 రాత్రి రాబిన్సన్ క్రొత్తగా ఆలోచింపవలసిన దేమియు లేకపోయెను. కళాశాలలోని మిమియోగ్రాఫ్ యంత్రముపై సోమవారమున బస్సు లెక్కవలదను కరపత్రములను తెల్లవార్లు వేలకొలది తీసి, మరునాడు విద్యార్థుల సాయమున ఊరంతయు పంచిపెట్టినది. ఆ పని ఆ రాత్రి జరగకున్న సోమవారపు బహిష్కారమే లేదు. మార్టిన్ లూథర్ కింగ్ అను 26 ఏండ్ల బోధకుని పేరు ఆ నగరము దాటి వినబడుటకు చాలకాలము పట్టియుండెడిది.

డిసెంబరు 5 సోమవారమున బస్సులు ఇంచుమించు శూన్యముగా తిరిగినవి. ఉదయము కోర్టు రోజా పార్క్స్‌కు 10 డాలర్ల జరిమానాయు, 4 డాలర్ల ఖర్చులును విధించెను. మధ్యాహ్నము మాంట్‌గొమరీ అభివృద్ధి సంఘ మేర్పడి కింగును అధ్యక్షునిగా ఎన్నుకొనెను. రాత్రి హోల్ట్ స్ట్రీట్ చర్చిలో వేలాది జనము కూడిరి. వారి కోరికలు మూడు: డ్రైవర్లు మర్యాదగా ప్రవర్తింపవలెను, తెల్లవారు ముందునుండి, నల్లవారు వెనుకనుండి, వచ్చినవారు వచ్చినట్లు కూర్చుండవలెను, నల్లవారు అధికముగా ప్రయాణించు మార్గములలో నల్లజాతి డ్రైవర్లను నియమింపవలెను. రెండవ కోరిక వేర్పాటు చట్టమునకు లోబడినదే యని పాఠకులు గమనింతురుగాక. అదే రాష్ట్రములోని మొబైల్ నగరమున అట్టి పద్ధతియే అమలులో నుండెను. అయినను నగరపాలకులును కంపెనీవారును అంగీకరింపరైరి. ఇది ఇచ్చినచో నల్లవారు గెలిచితిమని చాటుకొందురని కంపెనీ న్యాయవాది సంకోచించినట్లు కింగు తరువాత వ్రాసిన గ్రంథమువలన తెలియుచున్నది. పిడికెడు ఇచ్చి గాదె కాపాడుకొనగల వివేకము ఆ పాలకులకు లేకపోవుట చరిత్రకు మేలే చేసినది.

ఇక బహిష్కారము నిలిచిన తీరు. మొదట నల్లజాతి టాక్సీవారు 10 సెంట్లకే జనమును చేరవేయగా, కనీసపు చార్జీ 45 సెంట్లన్న నిబంధనను నగరాధికారులు బయటికి తీసిరి. అంతట సంఘమువారు, 1953లో లూయిసియానాలోని బేటన్ రూజ్ నగరమున స్వల్పకాల బహిష్కారమును నడపిన జెమిసన్ అను బోధకుని అనుభవమును అడిగి తెలిసికొని, సుమారు 300 సొంతకార్లతో రవాణా ఏర్పాటును నెలకొల్పిరి. ఎక్కు స్థలములు, దిగు స్థలములు, వేళలు నిర్ణయింపబడినవి. చర్చిలపేర స్టేషన్ వాగన్లు కొనబడినవి. వాని బీమాలు రద్దుకాగా లండనులోని లాయిడ్స్ సంస్థద్వారా బీమా సంపాదింపబడినది. పెట్రోలుకు ధనము కావలెను గదా. జార్జియా గిల్మోర్ అను వంటమనిషి, ఉద్యమమున పాల్గొని కొలువు పోగొట్టుకొన్నదై, తోడిస్త్రీలతో కూడి భోజనములును కేకులును వండి అమ్మి ప్రతివారమును సభలో సొమ్ము అప్పగించుచుండెడిది; కొన్నవారి పేర్లు బయటపడకుండుటకై ఆ బృందమునకు ఊరూపేరూ లేని సంఘమను అర్థము వచ్చు నామమే పెట్టుకొనిరి. పనికత్తెలను కార్లలో తీసికొనిరావలదని మేయరు తెల్లగృహిణులను మందలింపగా వారిలో పలువురు ఆ మాట చెవినిబెట్టలేదు.

అహింసను గూర్చి ఒక మాట. బస్సులు మాని జనము సాగించిన ఈ నడకను గాంధీజీ ఉప్పు సత్యాగ్రహముతో మొట్టమొదట పోల్చినవారిలో జూలియెట్ మోర్గన్ అను తెల్లజాతి గ్రంథాలయోద్యోగిని ఒకరు. బహిష్కారము మొదలైన వారములోపలనే ఆమె స్థానిక పత్రికకు అట్లు వ్రాసి, స్వజాతీయుల వేధింపునకు గురియైనది. కింగు మాత్రము సిద్ధాంతమును ఉద్యమము నడుచుచుండగనే అభ్యసించినవాడు. 1956 జనవరి 30న ఆయన యింటిపై బాంబు పడినప్పుడు కోపోద్రిక్తమైన జనమును ఆయన శాంతపరచినమాట నిజము. ఆ పిమ్మట తుపాకి లైసెన్సునకు దరఖాస్తు పెట్టుకొన్నమాటయు నిజమే. మహాపురుషుని పుట్టుకతోనే పరిపూర్ణునిగా చిత్రించు జీవితచరిత్రకారులు ఈ రెండవ సంగతిని దాచుట అనవసరమని నా యభిప్రాయము.

బాంబు పడిన రెండు దినములకు, ఫిబ్రవరి 1న, యువన్యాయవాది ఫ్రెడ్ గ్రే ఫెడరల్ కోర్టులో దావా వేసెను. రోజా పార్క్స్ అప్పీలు రాష్ట్రకోర్టులలో చిక్కువడునను శంకచేత ఆమె పేరు ఇందులో చేర్చబడలేదు. తుదకు వాదినులుగా నిలిచినవారు ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, కాల్విన్, స్మిత్ అను నలుగురు స్త్రీలు. ఈ దావా కోరినది మర్యాదను కాదు, చట్టము రద్దును. పాలకులు మరింత బిగిసి, 1921 నాటి బహిష్కారనిరోధ చట్టము క్రింద సుమారు 90 మందిపై నేరము మోపగా, ఆ వార్త నగరపు తగవును దేశపు తగవుగా మార్చెను. జూన్ 5న ముగ్గురు న్యాయాధిపతులలో ఇద్దరు, బస్సులలో వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని తీర్పు చెప్పిరి. నవంబరు 13న సుప్రీంకోర్టు దానిని స్థిరపరచెను. అదే దినమున స్థానిక న్యాయస్థానము కార్ల రవాణాను నిషేధించెను. సుప్రీంకోర్టు ఉత్తరువు చేరువరకును నల్లవారు ఐదు వారములు కాలినడకనే గడపి, 381 దినముల యనంతరము డిసెంబరు 21న బస్సు లెక్కిరి.

వేర్పాటును తొలగించినది దావాయే గాని నడక కాదని కొందరు విమర్శకు లందురు. న్యాయశాస్త్రదృష్టిచే ఆ మాట కాదనరానిది. కాని 1954లో పాఠశాలలపై తీర్పు వచ్చియు, 1963 వరకు అలబామా ప్రభుత్వపాఠశాలలలో తెల్లపిల్లల సరసన నల్లపిల్ల యొక్కతెయు కూర్చుండలేదు. బస్సులపై తీర్పు నెలదినములు దాటి కొన్ని దినములలోనే అమలగుటకు, దానిని అమలుపరచుకొనగల జనము ఏడాదిగా ప్రతివారమును సమావేశమగుచు సిద్ధముగా నుండుటయే కారణము.

ప్రతిఘటన మాత్రము ఆగలేదు. బస్సులపై కాల్పులు జరిగినవి. 1957 జనవరి 10న నాలుగు చర్చిలలో బాంబులు పేలినవి. పని దొరకని పార్క్స్ దంపతు లాయేడే డెట్రాయిట్‌కు వలసపోయిరి. నగర ఉద్యానవనములలోనికి నల్లవారిని రానీయనందుకు, వంటలమ్మి పెట్రోలు కొనిపెట్టిన జార్జియా గిల్మోర్ మొదలగువారు 1958లో దావా వేయగా, నగరపాలకులు 1959 జనవరి 1 నుండి ఉద్యానవనములన్నిటిని ఇరుజాతులవారికిని మూసివేసిరి. అవి మరల తెరవబడినది 1965లో.