హ్యారీ కాల్ పనిబల్ల: 1970ల నడిమి అమెరికా కుట్ర చిత్రాల పునఃపరిశీలన

1974–76 నాటి అమెరికా కుట్ర చిత్రాల మాట వస్తే చాలు, మన పరిశోధకులు ఇప్పటికీ మార్క్సిస్టు విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమ్సన్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు. 1992 నాటి ‘ది జియోపొలిటికల్ ఈస్థటిక్’లో ఆయన ప్రతిపాదన తెలిసిందే: ప్రపంచ పెట్టుబడి వ్యవస్థ మొత్తంగా ఎవరి కంటికీ ఆనదు కనుక, దాన్ని ఊహించుకునే యత్నమే కుట్ర కథ. ఈ ప్రతిపాదనతోనే నాకు పేచీ. తెరమీద మనిషి చేతులు చేసే పనిని అది చూడనివ్వదు. టేపు చుట్ట చూపించినా పెట్టుబడే అంటుంది, ఫైలు చూపించినా పెట్టుబడే అంటుంది.

‘ది కన్వర్సేషన్’ (1974) తీసుకుందాం. శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్‌లో మధ్యాహ్నం వేళ ఒక జంట మాట్లాడుకుంటూ తిరుగుతుంటుంది. నిఘా నిపుణుడు హ్యారీ కాల్ బృందం ఆ మాటల్ని దొంగచాటుగా రికార్డు చేస్తుంది. ఆ తర్వాత దర్శకుడు కొప్పోలా మనల్ని హ్యారీ పనిబల్ల దగ్గర కూర్చోబెడతాడు. హ్యారీ టేపులన్నిటినీ ఒకే వేగానికి తెస్తాడు, ముందుకీ వెనక్కీ తిప్పుతాడు, వీధి వాద్యాల హోరు కింద పూడిపోయిన, ‘మమ్మల్ని చంపేస్తాడు’ అనే ఒక్క వాక్యాన్ని ఫిల్టరుతో పైకి లాగుతాడు. అందులో అతని చెవికి ‘చంపడం’ మీద ఊనిక వినిపించింది. చివర్లో అదే వాక్యం మళ్లీ వినబడినప్పుడు ఊనిక ‘మమ్మల్ని’ మీద పడుతుంది. బాధితులనుకున్నవాళ్లే హంతకులని తేలుతుంది. ఈ తేడా కోసం చిత్ర ఎడిటర్ వాల్టర్ మర్చ్, నటుడు అదే వాక్యాన్ని మరోలా పలికిన రికార్డింగును ఎంచి వాడాడు. కథ మలుపంతా ఒక్క మాట పలికిన తీరులో ఉంది. జేమ్సన్‌లా వ్యవస్థ పటం గీసేవాడికి అది దొరకదు.

ఇది వాటర్‌గేట్ కుంభకోణానికి పుట్టిన సినిమా అన్న మాటా నిలవదు. స్క్రిప్టు 60ల నాటిది, చిత్రీకరణ మొదలైంది 1972 చివర. శ్వేతసౌధంలో టేపింగ్ ఏర్పాటు ఉందని అధ్యక్షుడు నిక్సన్ మాజీ సహాయకుడు అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ బయటపెట్టింది 1973 జూలై 16న. 1972 జూన్ 20 నాటి టేపులో 18½ నిమిషాలు చెరిగిపోయాయని తెలిశాక, దేశమంతా హ్యారీ పనిలోనే పడింది. 1974 ఆగస్టు 5న వెలువడ్డ టేపు నాలుగు రోజుల్లో నిక్సన్‌ను గద్దె దింపింది.

‘త్రీ డేస్ ఆఫ్ ది కాండర్’ (1975)లో సీఐఏ ఉద్యోగి టర్నర్‌కు జీతమిచ్చేది పుస్తకాలు చదవడానికి. అతను భోజనం తేవడానికి వెళ్లి వచ్చేలోపు సహోద్యోగులంతా హతులవుతారు. కారణం పశ్చిమాసియా చమురు. 1973–74 చమురు ఆంక్షల్లో పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన ప్రేక్షకుడికి ఏ వ్యాఖ్యాతా దాన్ని విప్పి చెప్పనక్కర్లేదు. టర్నర్ తన కథను న్యూయార్క్ టైమ్స్‌కు అందిస్తాడు. 1974 డిసెంబరు 22న విలేఖరి సీమోర్ హెర్ష్ సీఐఏ దేశీయ నిఘాను బయటపెట్టింది ఆ పత్రికలోనే. మరుసటి నెల గూఢచార సంస్థల విచారణకు సెనేట్ చర్చ్ కమిటీని వేసింది. ఆ కమిటీ తవ్వితీసిన ‘షామ్రాక్’ అనే రహస్య కార్యక్రమం నా వాదనకు ఆయువుపట్టు: 1945 నుంచి 1975 దాకా మూడు టెలిగ్రాఫ్ కంపెనీలు విదేశీ టెలిగ్రాముల ప్రతుల్ని ప్రభుత్వానికి అందిస్తూనే ఉన్నాయి. అంటే టర్నర్‌లాంటివాళ్లు నిజంగానే ఎక్కడో కూర్చుని పరాయివాళ్ల టెలిగ్రాములు చదివారు.

‘ది పారలాక్స్ వ్యూ’ (1974) జేమ్సన్ పఠనానికే ఎక్కువ లొంగుతుందని ఒప్పుకుంటాను. కానీ ‘ఆల్ ది ప్రెసిడెంట్స్ మెన్’ (1976) చూడండి. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఇద్దరు విలేఖరులు పుస్తకాల చీటీల దొంతర ఒక్కొక్కటే తిరగేస్తుంటే కెమెరా కప్పు దాకా పైకి పోతుంది, చేతులు మాత్రం ఆగవు. సైగాన్ పడిపోయిన 1975 ఏప్రిల్ తర్వాత అమెరికా సంస్కృతి అంతా ఈ రెండు పనుల చుట్టూనే తిరిగింది: వినడం, చదవడం. వియత్నాం యుద్ధం, చిలీలో సీఐఏ జోక్యం, చమురు అన్నీ అమెరికన్ ఇంటికి చేరింది ఈ దారినే.

చర్చ్ కమిటీ తుది నివేదిక సంపుటాలు 1976లోనే అచ్చయ్యాయి. ఈ చిత్రాల మీద కలం పట్టే తెలుగు పరిశోధకులకు నా విన్నపం ఒక్కటే: ముందు వాటిని చదవండి, జేమ్సన్‌ను ఆ తర్వాత తెరవండి.