రాయలవారి నెత్తిన ఉండేది కిరీటం కాదు

మా దొరవారిసత్రం పక్క కొండకు పోని ఇల్లు ఉండదు. ఈసారి పోయినప్పుడు మహాద్వారం దాటంగానే కుడిపక్క మండపంలోకి ఒక్క క్షణం చూడండి. క్యూలో తోస్తారు, నిజమే. ఫోన్లు కూడా రానీరు, కళ్ళతోనే చూసుకోవాల. చేతులు జోడించిన మూడు రాగి విగ్రహాలు ఉంటాయి. కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి. 1517లో, రాయలు బతికుండగానే పెట్టించినవి. భుజాల మీద పేర్లు చెక్కి ఉన్నాయి కాబట్టి ఎవరనే తగాదా లేదు.

ఆయన తల చూడండి. క్యాలెండర్లలో మనకు అలవాటైన కిరీటం కాదది, పొడుగాటి టోపీ. కుళ్ళాయి అనేవాళ్ళు. పైన చొక్కా లేదు.

అట్లని రాయలు ఎప్పుడూ చొక్కా లేకుండా ఉన్నాడనుకోబాకండి. అది దేవుడి ముందు నిలబడిన మనిషి బొమ్మ. 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు దొమింగో పాయిస్ ఆయన్ని కొలువులో చూశాడు. బంగారు పూలు కుట్టిన తెల్లబట్టలు, మెడలో వజ్రాలు, ఒట్టికాళ్ళు, నెత్తిన జరీ టోపీ అని రాసుకున్నాడు. బట్టలు మారినా టోపీ మారలేదు, గమనించారా?

ఇంకో సాక్ష్యం లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన వీరభద్రస్వామి గుడి. కప్పు మీద బొమ్మల్లో దేవుళ్ళకు కిరీటాలు, విరూపణ్ణ పరివారానికి కుళ్ళాయిలు. పాత బొమ్మల్లో బట్టలు వెతికేవాళ్ళు ఇది పట్టుకోవాల. దేవుడి బొమ్మ శాస్త్రం ప్రకారం పాత పద్ధతిలోనే వేస్తారు, దాన్నిబట్టి ఆనాటి జనం కట్టు చెప్పలేం. గుడి కట్టించినోళ్ళను, పక్కన నిలబడ్డ ఆడవాళ్ళను చూడాల. ఆ చీరల మీద గళ్ళు, చారలు, పూలు ఎన్ని రకాలో! ఆ డిజైన్లు ఇప్పటికీ చీరల మీదికి ఎక్కుతున్నాయి.

కొలువులో వేసే పొడుగు అంగీ పేరు కబాయి. కుళ్ళాయి పారశీకం 'కులాహ్' నుంచి, కబాయి అరబ్బీ 'ఖబా' నుంచి వచ్చిన మాటలు. సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వాళ్ళ దర్బారు కట్టు తీసుకున్నారు. దేశదేశాల రాయబారులు, గుర్రాల వర్తకులు వచ్చే కొలువులో ఆ బట్టలకు ఒక మర్యాద ఉండేది. ఫిలిప్ వాగనర్ అనే అమెరికా పండితుడు 1996లో దీనిమీదే పెద్ద వ్యాసం రాశాడు.

ఇది చెప్తే, "రాయలకు సాయిబుల టోపీ పెడతావా?" అని ఒకాయన నామీదికి లేచాడు. నేను పెట్టలేదు సామీ. ఆయనే పెట్టుకోని, ఆ టోపీతోనే శ్రీవారికి దణ్ణం పెట్టుకున్నాడు.

జెండా పండక్కి మీ పిల్లోడికి రాయల వేషం వేస్తుంటే, అట్టను కిరీటంలా కత్తిరించబాకండి. పొడుగ్గా చుట్టి పైన జరీగుడ్డ అంటించండి, సరిపోద్ది.