సమాధి పెట్టెల మీద పేర్లు

2007లో డిస్కవరీ ఛానల్ యేసు సమాధి దొరికిందంటూ ఒక డాక్యుమెంటరీ వేసింది. దాని వెనక ఉన్నది టైటానిక్ తీసిన జేమ్స్ కామెరాన్. నిన్నగాక మొన్న బయటపడినట్టు ఊదరగొట్టారు గానీ, ఆ సమాధి 1980లోనే జెరూసలేంలోని తల్పియోత్‌లో ఇళ్లకోసం నేల తవ్వుతుంటే కనబడింది. మొత్తం 10 ఎముకల పెట్టెలు, ఆరింటి మీద పేర్లు. పురావస్తు పండితుడు అమోస్ క్లోనర్ 1996లోనే ఆ వివరాలు అచ్చువేశాడు.

ఇక పేర్లు. యోసేపు కొడుకు యేసు (ఈ గీతలు చదవడమే కష్టం), మరియ, యోసే, మత్తయి... ఆ కాలపు యూదుల్లో ఇవి వీధికి నాలుగు దొరికే పేర్లు. ఆడవాళ్లలో ఇంచుమించు ఐదుగురికొకరు మరియలే! తాత పేరు మనవడికి పెట్టుకుంటూ వచ్చిన మనకి ఇది వేరే చెప్పాలా? వలసవచ్చిన మన కుటుంబాలకు పాత దస్తావేజులే చరిత్ర. వాటిలో ఏ వెంకటరామయ్య ఏ తరంవాడో తేల్చాలంటే ఊరు, పొలం హద్దులు, సాక్షి సంతకాలు అన్నీ కలవాలి. పేరొక్కటే కలిస్తే వంశవృక్షంలో ఎక్కించం.

డీఎన్‌ఏ సంగతి మరీ విడ్డూరం. రెండు పెట్టెల్లోని అవశేషాలకు తల్లివైపు పోలిక చూశారు, కలవలేదు. అంటే ఆ ఇద్దరూ ఒక తల్లి బిడ్డలు కారు, అంతవరకే. సినిమావాళ్లు మాత్రం ఆలుమగలని తేల్చేశారు. మామాకోడళ్లు కాకూడదా? ఒక తండ్రికి ఇద్దరు భార్యల బిడ్డలు కాకూడదా? మిగతా పెట్టెల్ని పోల్చి చూడనేలేదు. అసలు ఎముకల్నైతే ఏనాడో మళ్లీ పూడ్చిపెట్టేశారు. పరీక్షకు వెళ్లింది పెట్టెల అడుగున మిగిలిన పొడి.