అడవినాభి

కోల్చికేసి కుటుంబానికి చెందిన దుంప తీగ. శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. పొత్తిదుంప అని కూడా అంటారు. వానలు పడ్డాక నల్లమల, శేషాచలం కొండల్లో పొదల మీదికి పాకుతుంది. ఎండాకాలానికి తీగ ఎండిపోయి నేలలో దుంప ఒక్కటే మిగులుతుంది. కర్నూలు, కడప ఎండలకు ఇది తట్టుకునే తీరు ఇదే.

ఆకు కొసే నులితీగగా మారి ఆసరాను చుట్టుకుంటుంది. పువ్వు కిందికి వేలాడుతుంది, అలలు తిరిగిన ఆరు రేకులు మాత్రం పైకి లేచి మంటలా కనిపిస్తాయి. మొగ్గ విడినప్పుడు ఆకుపచ్చ, తర్వాత పసుపు, వాడేనాటికి ఎరుపు. కీలం మొదట్లోనే పక్కకు విరిచినట్టు తిరిగి ఉంటుంది.

నాగలి ఆకారపు దుంపకు కొసల్లోనే మొలక కన్ను ఉంటుంది; కొస విరిగితే ఆ పాయ మొలవదు. జూన్‌లో అడ్డంగా పడుకోబెట్టి నాటాలి. కుందూ తీరపు నల్లరేగడిలో నీరు నిలిచి దుంప కుళ్లుతుంది కాబట్టి ఎర్రమట్టి, ఇసుక కలిపి గట్టు మీద పెంచడం మేలు. తీగ ఎండాక కూడా జాలిపడి నీళ్లు పోసేవాళ్లే దీన్ని ఎక్కువగా చంపుతారు. గింజ నాటితే పూతకు కొన్నేళ్లు ఆగాలి.

ఇది తమిళనాడు రాష్ట్ర పుష్పం. గౌట్ మందు కోల్చిసిన్ కోసం అక్కడ రైతులు గింజలకే సాగు చేస్తారు. ఆ కోల్చిసినే విషం: మొక్కంతా ప్రమాదకరం, దుంప మరీనూ. తవ్వేటప్పుడు పొరపాటున కలిసిపోకుండా గెనుసుగడ్డల మడి పక్కన నాటకూడదు.