పవర్ స్టీరింగ్ పైపు లీకైతే: దేనికి రిపేరు, దేనికి మార్పు?

ఇప్పుడు కొత్తగా వస్తున్న చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగే. వాటిలో ఆయిల్ ఉండదు, పైపులు ఉండవు, కాబట్టి లీకేజీ బాధ లేదు. ఈ ఇబ్బంది వచ్చేది హైడ్రాలిక్ స్టీరింగ్ ఉన్న బండ్లకే. పాత ఇన్నోవాలు, స్కార్పియోలు, బొలేరోలు చేతులు మారుతూ, కొన్ని ట్యాక్సీలుగా, ఇంకా లక్షల కిలోమీటర్లు తిరుగుతూనే ఉన్నాయి. ఇంజిన్ వేడికి ఏళ్ల తరబడి ఉడికిన రబ్బరు పైపు గట్టిపడి, పగుళ్లు తేలేది ఇలాంటి బండ్లలోనే.

ఇంజిన్‌కు బెల్టుతో బిగించిన పంపు ఆయిల్‌ను ఒత్తిడితో స్టీరింగ్ బాక్సులోకి నెడుతుంది. ఆ ఆయిల్ వెళ్లే దారి ప్రెషర్ పైపు. పని ముగించుకుని ఆయిల్ డబ్బాలోకి తిరిగొచ్చే దారి రిటర్న్ పైపు. స్టీరింగ్‌ను ఒక వైపుకు పూర్తిగా తిప్పినప్పుడు ప్రెషర్ పైపులో ఒత్తిడి చాలా కార్లలో 1000 పీఎస్ఐ దాటుతుంది. కారు టైరులో ఉండే గాలి 30-35 పీఎస్ఐ మాత్రమే. రిటర్న్ పైపులో ఒత్తిడి నామమాత్రం. ఒక పైపుకు సరిపోయే రిపేరు రెండోదానికి ప్రమాదం కావడానికి కారణం ఈ తేడాయే.

లీకేజీ లక్షణాలు తెలిసినవే: కారు ముందు భాగం కింద ఎర్రటి లేదా గోధుమ రంగు మరక, మలుపు తిప్పుతుంటే మూలుగులాంటి శబ్దం, స్టీరింగ్ బరువెక్కడం. చాలామంది ఈ దశలో అర లీటరు ఆయిల్ పోయించుకుని వెళ్లిపోతారు. వారానికోసారి పోస్తూ నెలలు గడిపేవారూ ఉన్నారు. పంపు లోపలి భాగాలకు గ్రీజూ నూనే అన్నీ ఆ ఆయిలే. డబ్బా ఖాళీ అయ్యాక పంపు గాలిని పీల్చుకుని పొడిగా తిరిగి అరిగిపోతుంది. అప్పుడు పైపు ఖర్చుతో పోయేది కాస్తా పంపు, స్టీరింగ్ బాక్సు ఖర్చు దాకా వస్తుంది. కారే ఆయిల్ బెల్టు మీద పడితే బెల్టు జారుతుంది. వేడెక్కిన ఎగ్జాస్ట్ మీద పడితే పొగ వస్తుంది, ఒక్కోసారి మంటే అంటుకుంటుంది.

లీకు ఎక్కడో కనిపెట్టడానికి ముందు పైపులన్నీ గుడ్డతో, క్లీనర్‌తో శుభ్రంగా తుడవాలి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, ఒకరు స్టీరింగ్ రెండు వైపులా తిప్పుతుంటే మరొకరు టార్చిలైటుతో చూడాలి. చివరి దాకా తిప్పి 5 సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు. ఆయిల్ కిందికి జారుతుంది కాబట్టి, తడి కనిపించిన చోట్లలో అన్నిటికంటే పైనున్నదే అసలు లీకు. ఇంజిన్ తిరుగుతుండగా పైపును చేత్తో తడిమి చూడటం మాత్రం మంచిది కాదు. సన్నటి రంధ్రం నుంచి ఆ ఒత్తిడితో చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. చక్రాల దగ్గరి రబ్బరు బూట్లలో ఆయిల్ నిండి ఉంటే తప్పు పైపుది కాదు, స్టీరింగ్ బాక్సు సీలుది.

రిటర్న్ పైపు సంగతి తేలిక. ఎక్కువగా చివర్లలో, క్లిప్ కింద పగులుతుంది. పొడవు సరిపోతే పాడైన అంగుళం కోసేసి కొత్త క్లిప్ బిగిస్తే చాలు. మొత్తం మార్చాల్సి వస్తే ఆయిల్‌ను, వేడిని తట్టుకునే రకమే కొనాలి. రేడియేటర్ నీళ్ల పైపు ముక్క చూడటానికి సరిపోతుంది కానీ, ఈ ఆయిల్‌కు ఉబ్బి మెత్తబడి కొద్దికాలానికే ఊడిపోతుంది.

ప్రెషర్ పైపుకు క్లిప్పులు, టేపులు, ఎపాక్సీ పనికిరావు. ముందుగా చూడాల్సింది జాయింటు. కొన్నిసార్లు పైపు బాగానే ఉండి, బోల్టు దగ్గరి రాగి వాషరో ఓ-రింగో పాడై ఉంటుంది. అది మారిస్తే సరిపోతుంది. రబ్బరు, ఇనుప గొట్టం కలిసేచోట నొక్కిన భాగం నుంచి చెమ్మగిల్లుతుంటే పైపు మార్చాల్సిందే. కంపెనీ పైపు దొరకనప్పుడు, జేసీబీలకు, ట్రాక్టర్లకు హైడ్రాలిక్ హోసులు నొక్కే దుకాణాల్లో పాత ఇనుప కొసలకు కొత్త రబ్బరు వేయించుకుంటారు. ఇది పనికొచ్చే దారే. అయితే కారు పైపు రబ్బరు కొద్దిగా సాగి పంపు కొట్టే దెబ్బలను మింగేలా తయారవుతుంది. కొన్నింటిలో శబ్దం తగ్గించే సన్నటి గొట్టం లోపలే ఉంటుంది. జేసీబీ హోసు బిరుసు. అందుకే అలా వేయించాక బండి కాస్త మూలిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు. హోసు ఒత్తిడినే కాదు, ఇంజిన్ దగ్గరి వేడిని కూడా తట్టుకునేదిగా ఉండాలి. మెలి తిరగకుండా, ఎగ్జాస్ట్‌కు దూరంగా బిగించాలి.

డబ్బాలో పోసే లీక్ స్టాప్ మందులు గట్టిపడిన సీళ్లను కొంత ఉబ్బిస్తాయి. పగిలిన పైపును అతికించవు.

రిపేరు తర్వాత ఆయిల్ విషయంలో డబ్బా మూత మీద, మాన్యువల్‌లో రాసినదే ప్రమాణం. టయోటా పాత మోడళ్లలో చాలావాటికి డెక్స్‌రాన్ రకం ఏటీఎఫ్ చెబుతారు. హోండా తన సొంత ఆయిలే వాడమంటుంది, ఏటీఎఫ్ వద్దంటుంది. ఆయిల్ నింపాక ఎయిర్ తీయాలి. ముందు చక్రాలను జాకీ మీద లేపి స్టాండ్లు పెట్టి, ఇంజిన్ ఆపి ఉండగానే స్టీరింగ్‌ను ఇటు నుంచి అటు చివరి దాకా 15-20 సార్లు నెమ్మదిగా తిప్పుతూ, ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తుండాలి. తర్వాతే ఇంజిన్ స్టార్ట్ చేయాలి. డబ్బాలో నురగ, పాలలాంటి రంగు కనిపిస్తే గాలి ఇంకా ఉన్నట్టు. కాసేపు ఆపి మళ్లీ చేయాలి. పంపు మార్చమని మెకానిక్ చెప్పే శబ్దాల్లో కొన్ని ఈ గాలి వల్ల వచ్చేవే.

దారిలో పైపు పగిలితే స్టీరింగ్ పూర్తిగా పోదు. చక్రాలతో ఇనుప అనుసంధానం అలాగే ఉంటుంది కాబట్టి తిరుగుతుంది, కానీ బాగా బరువవుతుంది. నెమ్మదిగా వెళ్తున్నప్పుడు, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ బరువు ఎక్కువ. బండిని పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. పంపుకు విడిగా బెల్టు ఉన్న బండ్లలో ఆ బెల్టు తీసేసి దగ్గరి షెడ్డు దాకా మెల్లగా నడుపుకోవచ్చు. ఒకే బెల్టు ఆల్టర్నేటర్‌ను, వాటర్ పంపును కూడా తిప్పే బండ్లలో అలా కుదరదు, టోయింగే దిక్కు.