బొప్పాయి: వైద్య చరిత్ర

పెరటి చెట్టుగా మన ఊళ్లలో ఎంత పాతుకుపోయినా, బొప్పాయి మధ్య అమెరికా, దక్షిణ మెక్సికోల మొక్క. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు దాన్ని ఫిలిప్పీన్స్‌కు చేర్చారు. అక్కడి నుంచి మలక్కా మీదుగా భారతదేశానికి వచ్చిందని ఆ శతాబ్దం చివర గోవాలో ఉన్న డచ్చి యాత్రికుడు లిన్‌షోటెన్ రాశాడు. కాబట్టి దీని గుణాలకు చరక, సుశ్రుతులను సాక్ష్యానికి పిలవడం కుదరదు. ఇక్కడ దీని వైద్యం నాలుగైదు వందల ఏళ్లకు మించింది కాదు. ఆ వైద్యంలో ఎక్కువ భాగం పండుది కాదు, పచ్చికాయ పాలది.

పచ్చికాయ మీద గీత గీస్తే చిక్కటి తెల్లటి పాలు కారి, కాసేపటికే గడ్డకడతాయి. ఎండబెడితే పొడి అవుతుంది. మాంసకృత్తులను ముక్కలు చేసే పపైన్ అనే ఎంజైమ్ ఉండేది అందులోనే. హైదరాబాదీ కబాబు మాంసానికి పచ్చిబొప్పాయి ముద్ద పట్టించేది ఇందుకే. 1879లో ఫ్రాన్స్‌లో వూర్ట్జ్, బుషూ అనే శాస్త్రవేత్తలు ఈ ఎంజైమ్‌ను వేరుచేసి పేరు పెట్టాక, అది అజీర్తి మందుల్లోకి చేరింది. అదే పాలలోని మరో ఎంజైమ్ కైమోపపైన్‌ను 1982లో అమెరికా, వెన్నుపూసల మధ్య జారిన డిస్క్‌లోకి ఎక్కించే మందుగా అనుమతించింది. కొందరిలో తీవ్రమైన ఎలర్జీ, నరాల దెబ్బ కనిపించడంతో క్రమేణా వాడుక పోయింది. పనిచేసే మందుకే ప్రమాదమూ ఉంటుంది మరి. ఇక కాయ పండే కొద్దీ పాలు తగ్గిపోతాయి. మిగిలేది మంచి ఆహారం. వంద గ్రాముల్లో సుమారు 60 మిల్లీగ్రాముల సి విటమిన్, కెరోటిన్లు, పీచు ఉంటాయి. మలబద్ధకానికి ఆ పీచు చాలు, పపైన్ మహిమ అక్కర్లేదు.

గర్భిణులు బొప్పాయి ముట్టకూడదన్న పెద్దల మాట వట్టి మూఢనమ్మకమేనా అంటే, సగమే. 2002లో అచ్చయిన ఎలుకల పరిశోధనలో పండు రసానికి గర్భాశయం కదలలేదు, పచ్చి పాలకు మాత్రం బిగుసుకుంది. పచ్చికాయకు దూరంగా ఉండమనడం సబబే.

డెంగీలో బొప్పాయి ఆకురసం ప్లేట్‌లెట్లను పెంచుతుందని కొన్ని చిన్న పరిశోధనలు చెబుతున్నాయి కదా అనేవారున్నారు. నిజమే, చెబుతున్నాయి. కానీ జ్వరం తగ్గాక ప్లేట్‌లెట్లు వాటంతటవే పెరుగుతాయి. ప్రాణం తీసేది ఎక్కువగా రక్తనాళాల నుంచి ద్రవం బయటికి కారిపోవడం. ఆకురసం దాన్ని ఆపుతుందన్న రుజువు లేదు. విడవని కడుపునొప్పి, వాంతులు, రక్తస్రావం కనిపిస్తే రసం నూరుతూ కూర్చోకుండా రోగిని వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.